చీమలు తొక్కని జాగా

"…అందుకే అంటున్నా, చీమకి పౌరుషం ఎక్కువ, తేనెటీగకి అలక ఎక్కువ. ఈ రెండిట్లో దేంతో కాపురం సులువో నువ్వే చెప్పు," అంది లాయ్, కొర్రమీను పొట్ట చీలుస్తూ.

"నిన్నా ఇదే అడిగావు, మొన్నా ఇదే అడిగావు," అన్నాడు ఆమె మొగుడు లాప్. కుంటికాలు చాపుకుని పొయ్యి ముందు కూర్చుని పులుసుకి చింతపండు పిసుకుతున్నాడు. "నీతో పాతికేళ్ళు చేశాను. ఇంక ఏ పురుగుతోనైనా చెయ్యగలను."

"చూశారా మామయ్యా, మీ అబ్బాయి నన్ను పురుగంటున్నాడు!"

వల ఉయ్యాల్లో పడుకున్న ముసలాయన తామ్ కళ్ళు తెరవలేదు. తెరిచినా పెద్ద తేడా ఉండదు, రెండు కళ్ళనీ శుక్లాలు పాలమీగడలా కమ్మేశాయి. చెవులు మాత్రం పాముచెవులు. కత్తి చప్పుడు విని చేప ఎంతవరకు తెగిందో చెప్పేస్తాడు.

"పేగులు కాలవలో పారెయ్యి అమ్మాయ్," అన్నాడు. "మూట కట్టకు."

నవ్వబోయిన లాయ్ ఆగిపోయింది. లాప్ చెయ్యి చింతపండులోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో చేప పేగుల ఊసొస్తే అంతే. అదెందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

లాయ్ పుట్టింది ఫాంగ్ దియెన్‌లో, పంపర పనస తోటల్లో. ఆ తోటల వాళ్ళకి చీమలంటే ఇంటి మనుషుల లెక్క. ఆకుల్ని దగ్గరికి లాగి, తమ పిల్లల నోటి నుంచి వచ్చే దారంతో కుట్టి గూడు కట్టుకుంటాయే, ఆ పసుపు చీమలు. అవి కాపలా ఉన్న చెట్టుకి పురుగు పట్టదు, కాయ మీద మచ్చ ఉండదు. అందుకని లాయ్ వాళ్ళ నాన్న చెట్టుకీ చెట్టుకీ మధ్య తాళ్ళు కట్టేవాడు, చీమలు నేల మీద కాలు పెట్టకుండా తిరగడానికి. కోడి పేగులూ చేప పేగులూ కొమ్మలకి వేలాడదీసేవాడు. "కడుపు నిండిన చీమ ఇల్లు వదిలి పోదు," అనేవాడు. ఆ పేగులు వేలాడదీసే పని ఆరో ఏట నుంచీ లాయ్‌దే. చీమ కొరికితే ఏడ్చేది కాదు. కొరికినదాన్ని పట్టుకుని పళ్ళ కింద నలిపి, పుల్లగా ఉందని చప్పరించేది. అదీ పిల్ల వాలకం!

ఆ పిల్ల ఇరవయ్యో ఏట పెళ్ళయి ఊ మిన్ అడవికి వచ్చి పడింది. ఇక్కడ కాలవ నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి. ఎటు చూసినా త్రామ్ చెట్లే, తెల్ల బెరడు కాగితాల్లా ఊడుతూ. బతుకంతా అడవి తేనెటీగల మీద. ఇవి పెట్టెలో పెడితే ఉండేవి కావు, పెంచితే పెరిగేవి కావు. ఉత్తరపు గాలితో పాటు గుంపులుగా వస్తాయి, నచ్చిన కొమ్మ కనబడితే దిగుతాయి. ఆ నచ్చే కొమ్మని మనిషే చేసి పెట్టడం ఇక్కడి వాళ్ళ విద్య. ఒక పొడుగు గుంజ, ఒక పొట్టి గుంజ పాతి, వాటి మీద ఏటవాలుగా ఒక వాసం వేస్తారు. పొద్దుటి ఎండ ఆ వాసం కడుపుకి తగలాలి. నడినెత్తి ఎండ తగలకూడదు. గాలి అడ్డంగా కొట్టకూడదు. జానెడు తేడా వచ్చిందా, ఈగలు పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళలా ఓసారి చూసి వెళ్ళిపోతాయి. మళ్ళీ కబురుండదు.

ఇక్కడ చీమంటే దొంగ. తేనెపట్టులో పిల్లల్ని నోట కరుచుకుపోయే దొంగ. అలాంటి ఊరికి కొత్త కోడలు సారెతో పాటు ఒక సంచిలో చీమల గూడు కూడా తెచ్చిందని తెలిశాక ఊరుకుంటారా! ఇంటి గట్టు మీద నాటిన రెండు పంపర పనస మొక్కల కోసం తెచ్చింది పాపం. అప్పటి నుంచి ఆమెకి 'చీమల కోడలు' అని పేరు. లాయ్ ఆ పేరుకి కోపం తెచ్చుకోలేదు. "మీ ఈగలు చుట్టాలు, వస్తాయి పోతాయి. నా చీమలు సంసారులు," అని తిప్పికొట్టేది. ఒక్కో ఇంటికి అడవిలో పంచి ఇచ్చిన తేనె వంతులు పడవ మీద గంట దూరంలో ఉండబట్టి, గట్టు మీది చీమలతో ఇరవై మూడేళ్ళు ఎవరికీ గొడవ రాలేదు.

గొడవ లాప్ కాలితో వచ్చింది. పడవ మోటారు విరిగి మీద పడి మోకాలు నలిగిపోయింది. మనిషి బతికాడు గానీ, బురదలో దిగి గుంజలు పాతే పని ఆ కాలితో కాదు. తామ్‌కి చూస్తే కళ్ళు లేవు. అడవిలో వాళ్ళ వంతు, ముప్పై వాసాలు పట్టే జాగా, దిక్కులేకుండా పోయింది. తేనె సంఘంలో కట్టుబాటు ఒకటి ఉంది: వరసగా రెండు ఎండాకాలాలు ఒక్క పట్టు కూడా పెట్టించలేకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. అడవి ఖాళీగా ఉండకూడదని పెద్దలు ఎప్పుడో పెట్టుకున్న మాట.

"నేను వెళ్తా," అంది లాయ్.

వెళ్ళింది. మొదటి ఏడే కొంప ముంచింది. వాసాలు మామగారు చెప్పినట్టే వేసింది, పేరు పెట్టడానికి లేదు. కానీ ఆ వంతులో అక్కడక్కడా పసుపు చీమల గూళ్ళు కనబడ్డాయి. ఇంకొకరైతే ఆ కొమ్మలు నరికి నీళ్ళలో ముంచేవారు. లాయ్ తన పుట్టింటి తెలివి వాడింది. కడుపు నిండిన చీమ ఇల్లు వదిలి పోదు కదా, మరి వాటి ఇంటి దగ్గరే తిండి పెడితే వాసాల వైపు ఎందుకొస్తాయి? వారానికి రెండుసార్లు చేప పేగులు మూటకట్టి తీసుకెళ్ళి, వాసాలకి యాభై అడుగుల దూరంలో కొమ్మలకి వేలాడదీసింది. తోటల్లో కాయలు కాపాడిన తెలివి అది. అడవిలో ఏమయిందంటే, తిండి ఎక్కువై చీమలకి సంతానం పెరిగింది, సంతానం పెరిగి ఇళ్ళు చాలలేదు. ఉత్తరపు గాలి తిరిగే నాటికి ముప్పై వాసాల్లో పంతొమ్మిదింటి మీద చీమల బారులు. నాలుగింటికి ఏకంగా ఆకు గూళ్ళే కుట్టేశాయి. ఈగలు వచ్చాయి, చూశాయి, పోయాయి.

సంఘం కూడిన రోజున పక్క వంతు వాడు చిన్ పడవ దిగుతూనే అందుకున్నాడు. వరసకి మరిది, నోటికి తాళం లేని మనిషి.

"ఏం వదినా, ఈగల కోసం వాసాలేస్తే చీమలు కాపురం పెట్టాయట గదా! గృహప్రవేశానికి పిలవలేదేం?"

"పిలుద్దామనే అనుకున్నా మరిదీ. చీమల బారు మీద పంచె తీసి కూర్చోమంటే నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నా."

అందరూ నవ్వారు. చిన్ కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వులో ఉండగానే, "ఆ వంతు నాకిస్తే నా వాసాలు అటు జరుపుకుంటా పెదనాన్నా," అని సంఘం పెద్ద మూయ్‌తో అనేశాడు. నవ్వు అక్కడితో ఆగింది.

మూయ్ డెబ్బై దాటినవాడు, మాట మెల్లగా వస్తుంది. "ఒక ఏడే గదరా పోయింది. ఇంకో ఏడుంది. తేత్ కొత్త ఏటి పండగ అయ్యాక మొదటి పున్నమి నాడు వచ్చి చూస్తాం. ఒక్క పట్టు, అమ్మాయ్. ఒక్కటి చాలు."

ఆ ఇంకో ఏడే ఇది. కొర్రమీను కోస్తున్న పూటకి ఉత్తరపు గాలి రావడానికి నెల కూడా లేదు. చీమలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మందు కొడితే చస్తాయి, కానీ మందు వాసన ఉన్న చోట ఈగ మూడేళ్ళు వాలదు. గూళ్ళు తగలబెడదామంటే త్రామ్ బెరడు నిప్పుకి పెట్రోలు లాంటిది, అడవే పోతుంది.

లాప్ మళ్ళీ చింతపండు పిసకడం మొదలుపెట్టాడు. భార్య మొహం చూడలేక మాట మార్చాడు. "అవునే, ఇన్ని చీమలు ఉన్నాయి కదా, వాటిలో వాటికి తగాదాలు రావా? మన సంఘంలోలాగా?"

"రాకేం! ఒకే ఇంటి చీమలైతే వంద గూళ్ళున్నా మీసాలు ముట్టుకుని పలకరించుకుంటాయి. వేరే ఇంటి చీమ కనబడిందా, నలుగురు కాళ్ళు, ఇద్దరు మీసాలు పట్టుకుని చచ్చేదాకా లాగుతాయి. మా తోటలో రెండిళ్ళ చీమలుండేవి. తాళ్ళు కలిస్తే రోజుల తరబడి యుద్ధమే. అందుకని నాన్న వాటి మధ్య ఒక వరస చెట్లు వదిలేసేవాడు. ఆ వరసలోకి ఇవీ రావు, అవీ రావు. భయం, రెండు వైపులా. ఆ చెట్లకే పాపం పురుగు పట్టేది, కాపలా లేక…"

కత్తి ఆగింది.

"మామయ్యా," అంది లాయ్. "మన వంతులో చీమలన్నీ ఒకే ఇంటివి అయ్యుంటాయంటారా?"

ముసలాయన ఉయ్యాల్లోంచి లేచి కూర్చున్నాడు. "నాకేం తెలుసమ్మా. నేను ముప్పై ఏళ్ళు ఈగల్నే చూశాను. చీమని చూస్తే ఊడ్చి పారేశాను గానీ ఏ ఇంటి పిల్లవని అడగలేదు."

మర్నాటి నుంచి లాయ్ అడగడం మొదలుపెట్టింది. పొద్దున్నే అడవికి వెళ్ళేది. ఒక గూటి దగ్గర పది చీమల్ని సీసాలో వేసుకుని, ఇంకో గూటి బారులో వదిలేది. మీసాలు తాకించుకుంటే ఒకే ఇల్లు. పట్టుకుని సాగదీస్తే వేరే ఇల్లు. ఒకే ఇంటి చెట్లకి ఎర్ర గుడ్డ పీలిక, రెండో ఇంటి చెట్లకి తెల్ల పీలిక. మెడ మీద, చంకలో, రెప్ప మీద కూడా కుట్టాయి. ఆ వాపు మొహంతోనే ఇంటికొచ్చి పులుసు పోసుకుని తినేది. "పెళ్ళినాటి బుగ్గలు మళ్ళీ వచ్చాయే నీకు," అనేవాడు లాప్. ఆరో రోజున రెండు రంగులు ఎదురుబొదురుగా వచ్చాయి. మధ్యలో పీలిక లేని చెట్లు మిగిలాయి, పాము మెలికలా ఒక సందు. ఆ సందులో ప్రతి చెట్టుకీ ఎండు రొయ్య గుచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఏ రొయ్యనీ ఎవరూ ముట్టలేదు.

ఇంటికొచ్చి పడవలోంచే అరిచింది. "దొరికింది! చీమలు తొక్కని జాగా దొరికింది మామయ్యా!"

"వెడల్పెంత?"

"పన్నెండు అడుగులుంటుంది. కొన్ని చోట్ల ఇంకా తక్కువ."

"ఎండ?"

 ఎండ సంగతి లాయ్ చూసుకోలేదు. ఆ సందంతా గుబురు, పట్టపగలే పచ్చ నీడ. చీమ నీడని పట్టించుకోదు. తేనెటీగకి పొద్దుటి ఎండ లేకపోతే రెక్క లేవదు. చీమ చీకట్లో కూడా ఇల్లు కుట్టుకుంటుంది, ఈగకి కిటికీ కావాలి. రెండూ అడవిలోనే పుట్టాయి, రెండూ వేలమంది ఒకే కడుపుగా బతుకుతాయి, రెండిటికీ ఒక్క తల్లే. అయినా ఒకదాని ఇంట్లో ఇంకొకటి ఒక్క పూట ఉండలేదు.

తామ్ ఉయ్యాల్లోంచి కాళ్ళు కిందికి దించాడు. తర్వాత, "రేపు నన్ను తీసుకెళ్ళు," అన్నాడు.

"కళ్ళు కనబడక ఎలా వస్తావు నాన్నా?" అన్నాడు లాప్.

"ఎండ చూడ్డానికి కళ్ళెందుకురా."

నాలుగేళ్ళ తర్వాత ముసలాయన అడవిలో కాలు పెట్టడం అదే. తెల్లారాక గంటకి చేరారు. లాయ్ ఆయన చెయ్యి పట్టుకుని ఆ మెలికల సందులో, మోకాలి లోతు బురదలో, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నడిపించింది. ఆయన ప్రతి పది అడుగులకీ ఆగేవాడు, గడ్డం ఎత్తి మొహం అటూ ఇటూ తిప్పేవాడు. "ఊహూ. నడు." మళ్ళీ ఆగేవాడు. "గాలి ఉంది, ఎండ లేదు. నడు." సందు చివరికొచ్చే దాకా అదే పాట. లాయ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ సంగతి ఆయనకి కనబడదని ధైర్యంగా ఏడ్చింది.

"ముక్కు చీదుకో, ఈగలకి ఆ చప్పుడు పడదు," అన్నాడు ఆయన.

సందు చిట్టచివర ఒక పెద్ద త్రామ్ చెట్టు పడిపోయి ఉంది. ఎప్పటి గాలివానకో వేళ్ళతో సహా లేచింది, నాచు పట్టింది. అది పడ్డ చోట అడవి పైకప్పులో చిల్లు పడి, ఆకాశం ముక్క కనబడుతోంది. తామ్ ఆ మాను దాటి నాలుగు అడుగులు వేసి ఆగాడు. మొహం తూర్పుకి తిప్పాడు. చెంప మీద ఎండ పడింది. గడ్డం కిందికి దించాడు, ఇంకా పడుతోంది.

"ఇక్కడ," అన్నాడు. ఆ మాట చిన్నపిల్లాడు అన్నట్టు అన్నాడు. "ఇక్కడ మూడు వాసాలు పడతాయి. ముప్పై లేకపోతే పోయె. పొడుగు గుంజ ఇక్కడ పాతు, నేను నిలబడ్డ చోట. నేను కదల్ను, నువ్వు గుంజ తెచ్చేదాకా."

నిజంగానే కదల్లేదు, అర గంట.

వాసాలు వేశారు. ఉత్తరపు గాలి తిరిగింది. మొదట నాలుగు ఈగలు వచ్చి చూసి పోయాయి.  వారం ఎవరూ రాలేదు. తేత్ పండగకి పన్నెండు రోజులుందనగా, గాలి కొంచెం పడిన పూట, అడవి మీద లారీ వస్తున్నట్టు చప్పుడైంది. నల్లటి మబ్బు ముక్క ఒకటి ఆ చిల్లులోంచి దిగి, నడిమి వాసం కింద దుప్పటిలా పరుచుకుంది. లాయ్ బురదలోనే కూలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అరవకూడదు మరి.

చీమలు? సందుకి అటూ ఇటూ ఉన్నాయి, ఎర్ర పీలికలవీ, తెల్ల పీలికలవీ. ఒకళ్ళకొకళ్ళు భయపడుతూ, మధ్యలో ఉన్న తేనె ముట్టుకోలేక.

మొదటి పున్నమి నాడు మూయ్ పెద్దాయన ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళలో చిన్ ఒకడు. లాయ్ వాళ్ళని పడవలో సందు మొదట దాకా తెచ్చి, అక్కడి నుంచి నడిపించింది. అరగంట మెలికల దారిలో తిప్పేసరికి ఎవరికీ దిక్కు తెలియలేదు. మూడు జానల పట్టు చూసి మూయ్ చేతులు జోడించాడు, పట్టుకే జోడించాడు.

"చీమల మధ్యన ఎలా పెట్టించావమ్మా?"

లాయ్ చెప్పింది. సీసాలో చీమల సంగతి, పీలికల సంగతి, మామగారి చెంప సంగతి. మూయ్ వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టి, బురదలో కూర్చున్నంత పని చేశాడు. చిన్ మాత్రం ఆ నడిమి వాసం చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు.

"నాకూ చూసి పెట్టాలి వదినా, ఆ సందులు," అన్నాడు చివరికి. "నా వంతులోనూ చీమలు తినేస్తున్నాయి. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

"పంచె తీసి కూర్చుంటావా మరి?"

"కూర్చుంటాలే. నీ చీమల దయ."

ఆ రోజు వంతు నిలబడింది. ఆ సాయంత్రం లాప్ పులుసులో అరటి పువ్వు కూడా వేశాడు, పండగలాగా.

ఇంకో పది రోజులకి తేనె కోత. లాయ్ ఒక్కతే వెళ్ళింది. మూడు అగరొత్తులు వెలిగించి అడవి తల్లికి దణ్ణం పెట్టుకుని, కొబ్బరి పీచు పొగ కట్ట ఊదుతూ వాసం కిందికి చేరింది. ఈగలు పొగకి ఒక పక్కకి ఒరిగాయి. పట్టు పైకొసన తేనె నిండిన తల తెల్లగా బయటపడింది. ఏటవాలుగా కోసింది, పిల్లలున్న భాగం వదిలేసింది, మళ్ళీ పెంచుకోవడానికి. బకెట్ నిండింది. నాలుగు ఈగలు కుట్టాయి. చీమ కాటుతో పోల్చి చూసుకుని, ఈగదే ఎక్కువ మంట గానీ చీమదే ఎక్కువ పగ అని మనసులో తీర్పు ఇచ్చుకుంది.

వెనక్కి వస్తూ, పడిన మాను దాటడానికి చెయ్యి ఆనించింది. నాచు ఊడి వచ్చింది. అరచేతికి గాట్లు తగిలాయి.

మూడు గాట్లు. ఏటవాలుగా, పక్కపక్కన.

సంఘంలో హద్దు చెట్టుకి వేసే గుర్తు అదే. అడవిలో కంచెలు లేవు, కాపలా లేదు. ఒకరి వంతుకీ ఇంకొకరి వంతుకీ మధ్య ఆ గాట్లున్న చెట్లే. లాయ్ బకెట్ కింద పెట్టింది. లేచిన వేళ్ళ దగ్గర నిలబడి చూసింది. అటు వైపు ఇంకో గాట్ల చెట్టు, ఇటు వైపు ఇంకోటి. రెండిటినీ చూపుతో కలిపింది. ఆ గీతకి వాసం నాలుగు అడుగులు అవతల ఉంది. చిన్ వంతులో.

మామగారు ఎండ కోసం మాను దాటి వేసిన ఆ నాలుగు అడుగులే.

ఇంకొకరి వంతులో వాసం వేస్తే దాని మీద పట్టు ఆ వంతు వాడిది. అందులో తెలిసి, తెలియక అన్న మాట లేదు. అంటే ఈ పట్టు తనది కాదు. అంటే రెండో ఏడు కూడా తన వంతులో ఒక్క పట్టు లేదు.

ఆమె చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మెలికల దారిలో వచ్చిన పెద్దలకి ఈ చోటు ఎటు వైపో తెలియనే తెలియదు. మామగారికి కళ్ళు లేవు. ఈ మానుకి మళ్ళీ నాచు పడుతుంది. నడుముకి తేనె కత్తి ఉంది. తీసింది. పై గాటు మీద ఒక్క దెబ్బ వేసింది. బెరడు ముక్క ఎగిరి, గాటు సగం పోయింది.

రెండో దెబ్బకి చెయ్యి లేవలేదు. ఎందుకో ఆమెకే తెలియదు. చాలాసేపు ఆ మాను మీదే కూర్చుంది. పాతికేళ్ళుగా ఈ అడవిలో తేనె ఇలా బారెడు ఎత్తున వేలాడుతూనే ఉంది, ఎవరైనా వచ్చి కోసుకుపోగలిగేంత ఎత్తులో. ఇంకొకరి పట్టు ఒక్కటి కూడా ఎవరూ ముట్టలేదు. కాలు నలిగిన ఏడు లాప్ వాసాల మీద పట్టులు నెలన్నర అలాగే వేలాడాయి. పక్క వంతులో రోజూ తిరిగిన చిన్ వాటి జోలికి పోలేదు.

ఇంటికొచ్చి బకెట్ గట్టు మీద పెట్టి, చెప్పేసింది. ఏదీ దాచలేదు, కత్తి సంగతి కూడా.

లాప్ మొహం మాడిపోయింది. "ఎవరికి తెలుసే? నాలుగు అడుగులు! చీమలకి తెలుసా, ఈగలకి తెలుసా ఆ గీత?"

"నాకు తెలుసుగా."

"చెప్తే వంతు పోతుంది. నాన్న వంతు అది."

ఇద్దరూ ఉయ్యాల వైపు చూశారు. ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నిలబడింది నేను," అన్నాడు. "గుంజ అక్కడ పాతమన్నది నేను. ఆ మాట కూడా చెప్పు. నీ ఒక్కదాని మీద వేసుకోకు." మళ్ళీ, "నాలుగు అడుగులు ఇటు నిలబడితే ఎండ తగిలేది కాదమ్మాయ్," అన్నాడు. అది సంజాయిషీయో, బాధో తెలియలేదు.

"మూయ్ పెదనాన్నకి చెప్పు ముందు," అన్నాడు లాప్, గొంతు తగ్గించి. "ఆయన మంచి మనిషి, ఏదో దారి చూస్తాడు. తర్వాత చిన్‌కి ఆయనే చెప్తాడు."

లాయ్ బకెట్ మీద తడి గుడ్డ కప్పి, నీళ్ళు పోసిన పళ్ళెంలో దాన్ని నిలబెట్టింది, గట్టు మీది తన చీమలు ఎక్కకుండా. "లేదయ్యా. తేనె ఎవరిదో వాళ్ళకి ముందు తెలియాలి. పెద్దాయన చెవిన పడి, అక్కడి నుంచి వాడికి తెలిస్తే నేను దాచినట్టే. దారి ఉంటే తర్వాత చూద్దాం."

"వాడు నవ్వుతాడే."

"నవ్వనీ. సందులు చూపిస్తానని మాటిచ్చాను, ఎలాగూ వెళ్ళాలి. ముందు ఇది చెప్పాకే వెళ్తా."

చిన్ ఈ పూట అడవిలో ఉన్నాడు, అక్కడ ఫోను పలకదు. పొద్దు వాలే వేళకి అతని పడవ అవతలి కాలవ మలుపు తిరుగుతుంది, కేకేసినా వినబడనంత దూరం గానీ అక్కడ ఫోను పలుకుతుంది. లాయ్ ఫోను జేబులో వేసుకుని, సిగ్నల్ వచ్చే తూము గట్టు మీదికి వెళ్ళి కూర్చుంది. ముందు తేనె సంగతి, తర్వాత గాటు మీద కత్తి సంగతి. ఆ వరసలోనే చెప్పాలి. పడవ కనబడగానే చిన్‌కి ఫోన్ చెయ్యాలి.